ఆరంభము కాని కంప్యూటరు
(మన పాఠశాల వార్షికోత్సవ సందర్భమున విద్యార్థులను, వారి తలిదండ్రులను ఉద్దేశించి చేసిన ఉపన్యాసము)



వార్షికోత్సవ సభలలో సాహిత్యమును గూర్చియో, మాతృభాషాభిమానమును గూర్చియో ప్రసంగించుట పరిపాటి. ఈ సారి మేము ఎన్నుకొన్న విషయము వేరు. ఫర్మ్‌వేరు అమరికలను మార్చిన పిదప కంప్యూటరు ఆరంభము కాకపోయినచో ఏమి చేయవలెను, ఏమి చేయరాదు అనునదే నేటి ప్రసంగము. ఇట్టి సంగతులు తెలుగున చెప్పుటకు వీలగునా అని కొందరు సంశయింపవచ్చును. యంత్రభాగముల పేర్లు పరభాషవి అయినను, కార్యకారణములను వివరించుటకు మన భాష చాలును. ఇంటిలో కంప్యూటరు మొరాయించినపుడు పిల్లవాడు తన తల్లికి సంగతి తెలుగుననే కదా చెప్పుకొనును!

ఈ విషయమునకు ఇప్పుడు ఇంత ప్రాధాన్యము ఎందుకు అని మీరు అడుగవచ్చును. మన కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28వ తేదీన మూతపడినవి. అటుపిమ్మట ఈ ఊరి బ్రదుకుతెరువు చాలవరకు బెంగుళూరు దారి పట్టినది. తెల్లవారకముందే మారికుప్పములో రైలెక్కి, చీకటిపడిన పిదప ఇల్లు చేరువారు మనలో ఎందరో కలరు. అట్టివారి ఇంట ఒక కంప్యూటరు ఉన్నదన్న అది విలాసవస్తువు కాదు. పిల్లల పాఠములు, ఉద్యోగపు దరఖాస్తులు, తాతగారి పింఛను కాగితముల నకళ్లు, పెండ్లినాటి ఛాయాచిత్రములు అన్నియు అందులోనే ఉండును. యంత్రము పోయిన మరియొకటి కొనవచ్చును. అందులోని వస్తువు పోయిన మరల రాదు.

ఇట్టి ఇండ్లలోని యంత్రములు పెక్కు పాతవి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సంస్థ ఇచ్చుచుండిన సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. 2021లో వెలువడిన విండోస్ 11 కావలెనన్నచో ఫర్మ్‌వేరు యు.ఇ.ఎఫ్.ఐ. పద్ధతిలో ఉండవలెను, సెక్యూర్ బూట్ అను రక్షణకు తగినదై ఉండవలెను, టి.పి.ఎం. 2.0 అను భద్రతా భాగము ఉండవలెను. అందుచే ఇన్నాళ్లు ఎవరును తొంగిచూడని అమరికల తెరలోనికి ఇప్పుడు ఇంటింటివారును ప్రవేశించుచున్నారు. ఒకటి రెండు మార్పులు చేసి యంత్రమును మరల ఆరంభింపగా తెర నల్లబడియుండును. లేదా ఆరంభించుటకు తగిన డిస్కు లేదని వ్రాత కనబడును. ఇంటిల్లిపాదికి గుండె జారును. ఎవరో ఒకరు “డిస్కు పోయినది, ఫార్మాట్ చేసి కొత్తగా విండోస్ వేయవలెను” అందురు. అట్లు చేయుదురు. డిస్కునకు ఏ దోషమును లేదు. దోషము అమరికలో ఉన్నది. అమరిక చేయని నష్టమును తొందరపాటు చేసినది. ఈ నష్టము తప్పింపవలెనన్నదే మా ఉద్దేశము.

మొదట యంత్రము మేల్కొను క్రమమును తెలిసికొందము. మీట నొక్కగనే ముందుగా పనిచేయునది విండోస్ కాదు. మదర్‌బోర్డు మీది చిన్న చిప్పులో నిలిచియుండు ప్రోగ్రాము ఒకటి ముందుగా నడచును. అదియే ఫర్మ్‌వేరు. అది ప్రాసెసరును, మెమరీని, తెరకు బొమ్మ పంపు గ్రాఫిక్స్ భాగమును సిద్ధపరచును. పిదప ఏ డిస్కులో ఆరంభపు ప్రోగ్రాము ఉన్నదో వెదకి, దానికి పని అప్పగించి తాను తప్పుకొనును. ఆ ఆరంభపు ప్రోగ్రాము విండోస్‌నో లైనక్స్‌నో మెమరీలోనికి తెచ్చును. ఈ గొలుసులో ఏ లంకె తెగినను ఫలితము మనకు ఒకే విధముగా తోచును: కంప్యూటరు రాలేదు అందుము. నేర్పరి మాత్రము ఏ లంకె తెగినదో ముందు అడుగును.

ఈ గడ్డమీద పుట్టినవారికి ఈ విచారణ కొత్త కాదు. 1902లో కావేరీ నదిపై శివనసముద్రమునుండి సుమారు 147 కిలోమీటర్ల తీగల వెంబడి మన గనులకు విద్యుత్తు వచ్చినది. గనిలో యంత్రము ఆగినపుడు దోషము విద్యుత్కేంద్రములోనా, దారిలోని తీగలోనా, మీటలోనా, తుదకు యంత్రములోనేనా అని వరుసగా విచారింపవలెను. అట్లు విచారింపక మోటారు విప్పుటకు పూనుకొన్నవానిని పనివాడు అనరు.

ఫర్మ్‌వేరునకు పూర్వము బయాస్ అని పేరు. 1970ల దశకములో గ్యారీ కిల్డాల్ తన సి.పి./ఎం. అను వ్యవస్థలో ఈ పేరు వాడెను. 1981లో వచ్చిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరుతో అది లోకమంతట వ్యాపించినది. 1984 నాటి ఐ.బి.ఎం. ఏ.టి. యంత్రములో సీమాస్ అను చిన్న మెమరీ చేరినది. కరెంటు లేనపుడును అమరికలను, గడియారమును నిలుపుటకు దానికి ఒక బ్యాటరీ తోడైనది. 1990ల చివర ఇంటెల్ సంస్థ కొత్త పద్ధతిని రూపొందింప నారంభించెను. 2005లో పలు సంస్థలు ఫోరముగా ఏర్పడి దానిని యు.ఇ.ఎఫ్.ఐ. పేర సాగించుచున్నవి. అయినను జనుల నోట బయాస్ అన్న మాటయే నిలిచినది. ఆ మాటనే మేమును వాడుదుము.

ఇందు గ్రహింపవలసిన ముఖ్యాంశము ఒకటి కలదు. బయాస్ ప్రోగ్రాము వేరు, దాని అమరికలు వేరు, డిస్కులోని మన వస్తువులు వేరు. అమరిక మారినంత మాత్రమున ప్రోగ్రాము చెడదు. డిస్కులోని అక్షరము ఒక్కటియు చెరగదు. ఇల్లు అదియే, సామాను అదియే, తలుపునకు తాళము మాత్రము మారినది. తాళము తీయుట చేతగాక ఇల్లు పడగొట్టువాడు ఉండునా? ఫార్మాట్ చేయుట అట్టి పని.

ఇక లక్షణములను బట్టి చికిత్స చెప్పెదము. ఏ లక్షణమైనను మొదటి ప్రశ్న ఒక్కటే: చివర మార్చినది ఏది? తెర కనబడుచున్నచో మీట నొక్కిన వెంటనే డిలీట్ మీటనో, ఎఫ్-2 మీటనో పలుమారు నొక్కి బయాస్ లోనికి పోయి, ఆ మార్పును వెనుకకు త్రిప్పవలెను. పెక్కు సందర్భములలో ఇంతటితోనే కథ ముగియును.

మొదటి లక్షణము: పంకాలు తిరుగుచున్నవి, దీపములు వెలుగుచున్నవి, తెర మీద ఏమియు లేదు. మెమరీ వేగమును పెంచు ఎక్స్.ఎం.పి. వంటి అమరికను మార్చియుంటిరా? అట్లయినచో ముందు ఓపిక పట్టుడు. కొత్త అమరికకు మెమరీని సరిచూచుకొనుటకు యంత్రము కొన్ని నిమిషములు తీసికొనవచ్చును. తనంత తానే రెండు మూడు మారులు ఆగి లేవవచ్చును. పలు మదర్‌బోర్డులు అనేక మారులు విఫలమైన పిదప తామే పాత వేగమునకు మరలును. కొన్ని బోర్డుల మీద ప్రాసెసరునకు, మెమరీకి, గ్రాఫిక్స్‌కు, ఆరంభపు డిస్కునకు వేరువేరు చిన్న దీపములు ఉండును. ఏది ఆరక నిలిచినదో అచ్చట పని ఆగినదని అర్థము.

మెమరీని ముట్టక సి.ఎస్.ఎం. అను అమరికను తీసివేసియుండినచో కారణము వేరు కావచ్చును. సి.ఎస్.ఎం. అనగా యు.ఇ.ఎఫ్.ఐ. యంత్రము పాత బయాస్ వలె నడచుకొనుటకు ఉంచిన ఏర్పాటు. చాల పాత గ్రాఫిక్స్ కార్డులకు కొత్త పద్ధతి తెలియదు. ఆ ఏర్పాటు తీసివేసినంతనే అవి బొమ్మ చూపజాలవు. ప్రాసెసరులోనే గ్రాఫిక్స్ ఉన్నచో తెర తీగను కార్డునుండి తీసి మదర్‌బోర్డు వెనుకనున్న రంధ్రమున అమర్చి చూడవలెను. అవసరమైన కార్డును తీసివేసి చూడవలెను. బొమ్మ వచ్చినచో అమరికను యథాస్థానమునకు తేవచ్చును.

రెండవ లక్షణము: బయాస్ తెర చక్కగా వచ్చును గాని, ఆరంభించు డిస్కు లేదని చెప్పును, లేదా ఎన్ని మారులు లేపినను తిరిగి బయాస్ లోనికే పోవును. విండోస్ 11 కొరకు అమరికలు మార్చినవారికి సాధారణముగా ఎదురగునది ఇదియే. ముందు బయాస్‌లో డిస్కు పేరు కనబడుచున్నదేమో చూడుడు. కనబడినచో సగము భయము తీరినది. ఇక వరుసలో ఆ డిస్కు ముందున్నదేమో, మరచి వదలిన పెన్‌డ్రైవు ఏదైనను ముందున్నదేమో చూడవలెను. అవి సరిగానున్నను రానిచో అసలు కారణము ఇది: పాత పద్ధతిలో విండోస్ వేసిన డిస్కు ఎం.బి.ఆర్. అను తీరున విభజింపబడియుండును. యు.ఇ.ఎఫ్.ఐ. పద్ధతిలో విండోస్ ఆరంభమగుటకు జి.పి.టి. అను తీరు కావలెను. లెగసీ అమరికను తీసివేయగనే ఫర్మ్‌వేరు పాత వాకిలిని మరచి కొత్త వాకిలిని వెదకును; అది ఆ డిస్కులో లేదు. లెగసీని, అనగా సి.ఎస్.ఎం.ను, మరల ఉంచినచో యంత్రము ముందువలెనే వచ్చును. లైనక్స్ వాడువారికి సెక్యూర్ బూట్ ఉంచిన పిదప ఈ చిక్కు వచ్చినచో దానిని తీసివేసి చూడవలెను. ముద్ర లేని ఆరంభపు ప్రోగ్రామును అది లోనికి రానీయదు.

మూడవ లక్షణము: విండోస్ గుర్తు వచ్చును, వెంటనే నీలితెర పడి ఆరంభపు డిస్కు అందలేదని చెప్పును. ఇది డిస్కుతో మాటలాడు పద్ధతిని మార్చినందువలన కలుగును. సాటా అమరికలో ఏ.హెచ్.సి.ఐ. అనియు, రెయిడ్ అనియు పద్ధతులు కలవు. కొత్త ఇంటెల్ ల్యాప్‌టాపులలో వి.ఎం.డి. అను మరియొకటి కలదు. విండోస్ ఏ పద్ధతిలో వేయబడెనో దానికి తగిన డ్రైవరుతోనే లేచుటకు అలవాటుపడియుండును. పద్ధతిని మార్చుట రైలు పట్టాల వెడల్పు మార్చుట వంటిది. బండి బాగుగనే ఉన్నది, పట్టాలు వేరు. పాత పద్ధతికి మరలించినచో సరిపోవును. మార్పు తప్పనిసరియైనచో ముందు విండోస్‌ను సేఫ్ మోడ్‌లో లేచునట్లు ఏర్పరచి, పిదప పద్ధతి మార్చి, ఒకసారి సేఫ్ మోడ్‌లో లేపి, తరువాత మామూలు స్థితికి తేవలెను.

నాల్గవది లక్షణమే గాని రోగము కాదు. తెర మీద బిట్‌లాకర్ అను పేరు వచ్చి 48 అంకెల సంకేతమును అడుగును. డిస్కు రహస్యలిపిలో ఉన్నది, అమరికలు మారుట చూచి యంత్రము “మీరు యజమానులేనా?” అని అడుగుచున్నది. నేటి పలు ల్యాప్‌టాపులలో ఈ రహస్యలిపి యజమాని కోరకయే అమలులోనుండును. ఆ సంకేతము తరచుగా యజమాని మైక్రోసాఫ్ట్ ఖాతాలో దాచబడియుండును. వేరొక ఫోనునుండి ఆ ఖాతా తెరచి చూచుకొనవచ్చును. కార్యాలయము ఇచ్చిన యంత్రమైనచో అచ్చటివారి యొద్ద ఉండవచ్చును. ఎచ్చటను దొరకనిచో చేసిన అమరిక మార్పును వెనుకకు త్రిప్పి చూడుడు. సంకేతము అడుగకయే లేచు అవకాశము కలదు. టి.పి.ఎం.ను తుడిచివేయు మీటను మాత్రము ఈ స్థితిలో ఎన్నడును ముట్టరాదు.

బయాస్ లోనికే పోలేనిచో సీమాస్ అమరికలను తుడుచుట మిగిలిన మార్గము. మేజా కంప్యూటరైనచో మీట ఆర్పి, గోడనుండి తీగను పూర్తిగా ఊడదీయవలెను. పిదప ఆరంభపు మీటను 10, 15 సెకండ్లు నొక్కి మిగిలిన కరెంటును పోనీయవలెను. లోహపు పెట్టెను ఒకసారి తాకి చేతినుండు స్థిరవిద్యుత్తును పోగొట్టుకొనవలెను. మదర్‌బోర్డు పుస్తకములో చూపిన రెండు సూదులను కొన్ని సెకండ్లు కలుపవలెను. అది తెలియనిచో నాణెము వంటి బ్యాటరీని నెమ్మదిగా తీసి, కొన్ని నిమిషములు ఉంచి, మరల అదే దిశలో అమర్చవలెను. ఇది సాధారణముగా సి.ఆర్. 2032 అను 3 వోల్టుల బ్యాటరీ. పాతబడినదైనచో కొత్తది వేయుట మేలు. దుర్బలమైన బ్యాటరీ వలన అమరికలు తమంత తామే చెరిగిపోవుటయు కలదు. తీసిన బ్యాటరీని పసిపిల్లలకు అందనీయరాదు; మ్రింగినచో ప్రాణాపాయము. కరెంటు సరఫరా చేయు లోహపు డబ్బాను ఎవరును విప్పరాదు. ల్యాప్‌టాపుల విషయమున తయారీదారుల సూచన చూడక మూత తెరువరాదు. వాటిలో పెక్కింట అమరికలు బ్యాటరీ తీసినను చెరగని చిప్పులో ఉండును.

ఇచ్చట ఒక హెచ్చరిక. తుడుచుట వలన వచ్చునది కర్మాగారపు మొదటి స్థితియే గాని, నిన్నటివరకు మీ యింట నడచిన స్థితి కాదు. మీ డిస్కు లెగసీ పద్ధతిలోనో, రెయిడ్ పద్ధతిలోనో నడచుచుండినచో, తుడిచిన పిదప మొదటి చిక్కు పోయి రెండవదో మూడవదో కొత్తగా తలయెత్తును. అప్పుడు “తుడిచినను రాలేదు, ఇక డిస్కు పోయినట్లే” అని నిరాశపడి ఫార్మాట్ చేయువారే ఎక్కువ. మొదటి అడ్డు తొలగినది, రెండవది మిగిలినది అని మాత్రమే దాని అర్థము. పాత పద్ధతులను జ్ఞప్తికి తెచ్చుకొని ఒక్కొక్కటిగా ఉంచి చూడవలెను. గడియారపు తేదీని కూడ సరిచేయవలెను; తేదీ తప్పినచో వెబ్‌సైట్లు సురక్షితము కావని యంత్రము మొరపెట్టును.

యంత్రము లేచిన పిదప విండోస్ 11 ఆశను విడువనక్కరలేదు. ముందు ముఖ్యమైన వస్తువులన్నిటిని వేరొక డిస్కులోనికి నకలు తీయవలెను. విండోస్ 10లో 2017 నుండి ఎం.బి.ఆర్.-టు-జి.పి.టి. అను ఉపకరణము కలదు. అది వస్తువులను చెరుపకయే డిస్కు తీరును మార్చును. మొదట అర్హత పరీక్షింపుమని దానిని కోరవలెను, సరియన్నచో మార్చుమనవలెను, అటుపిమ్మటనే బయాస్‌లో లెగసీని తీసి యు.ఇ.ఎఫ్.ఐ. ఉంచవలెను. చేయు పని రెండు విధములను ఒకటే. క్రమము తప్పినచో చిక్కు, క్రమము నిలిచినచో ఫలము.

చేయరాని పనులు మూడు. కారణము తెలియక ఫార్మాట్ చేయరాదు. ఒకేమారు పది అమరికలను మార్చరాదు. ఏది మేలు చేసెనో ఏది కీడు చేసెనో తెలియకపోవును. యంత్రము మొరాయించుచున్న వేళ బయాస్ ప్రోగ్రామునే కొత్తదానితో మార్చుటకు పూనుకొనరాదు. నడుమ కరెంటు పోయినచో అమరికల చిక్కు పోయి నిజమైన రోగమే పట్టుకొనును. బయాస్ ప్రోగ్రాము చెడుట ఎట్లుండునో లోకము 1999 ఏప్రిల్ 26న చూచినది. సి.ఐ.హెచ్. అను వైరసు ఆనాడు పలు దేశములలో కంప్యూటర్ల బయాస్ చిప్పులలోని ప్రోగ్రామును చెరిపినది. ఆ యంత్రములకు చిప్పు మార్చుటయో, తిరిగి వ్రాయించుటయో తప్ప గతి లేకపోయినది. అమరికల చిక్కు అట్టిది కాదు, ఇంటనే తీర్చుకొనదగినది.

గనులలో ఒక నియమము కలదు. షాఫ్టులో మరమ్మతు జరిగిన పిదప మనుష్యులను దింపకముందు ఖాళీ కేజీని ఒకసారి అడుగువరకు పంపి పైకి రప్పింపవలెను. పనివాడు తన పనిని నమ్మలేదని కాదు. తన నమ్మకమునకు మరియొకని ప్రాణమును పణముగా పెట్టరాదని. మన తాతలు ఆ నియమమును నమ్మియే దినదినము వేల అడుగుల లోతునకు దిగిరి. వారి మనుమలకు అంత అపాయము లేదు గాని అదే శిక్షణ కావలెను. అమరిక మార్చకముందు ఆ తెరను ఫోనుతో ఛాయాచిత్రము తీసికొనుడు. వస్తువులకు నకలు ఉంచుడు. బిట్‌లాకర్ సంకేతమును కాగితముపై వ్రాసి దాచుడు. ఒక్కసారి ఒక్క మార్పే చేయుడు; చేసి, లేపి చూచి, పిదప రెండవదానికి పొండు.

విద్యార్థులారా! తలిదండ్రులు కష్టపడి కొన్న యంత్రమును “పోయినది” అని తేల్చువారు మీకు ఎందరో కనబడుదురు. ఎచ్చట ఆగినదో అడుగువారు కొందరే ఉందురు. మీరు ఆ కొందరిలో చేరుడు. నేడు విన్నదానిని మీ నోటుపుస్తకమున ఒక పుటలో మీ మాటలలో తెలుగున వ్రాసి కంప్యూటరు ప్రక్కన ఉంచుడు. మీరు బెంగుళూరు కళాశాలలో ఉన్ననాడు ఇంటనున్న అమ్మ ఆ పుట చూచి, మీరు ఫోనులో చెప్పునంతవరకు ఏమియు చెరుపక ఆగగలిగినచో ఈ ఉపన్యాసము సార్థకమైనట్లే.